కనుమ దాటే టైరు

ఆ ఎండాకాలం మా గుట్టమీది ఎలుగుబంటి పగలు కనిపించడం మొదలుపెట్టింది. అది అక్కడ ఉందని అందరికీ తెలుసు. చీకటి పడ్డాక బండల్లో నీళ్లు నిలిచే దొణల్లో తాగి పోతుందని, చెదపుట్టలు తవ్వుతుందని పెద్దవాళ్లు చెబుతూనే ఉండేవాళ్లు. కానీ ఆ ఏడు దొణలు తొందరగా ఎండిపోయాయి. ఉగాది దాటిన కొన్నాళ్లకే గొర్రెలు కాసే చౌడప్ప మామను గుట్ట దాటే కనుమ దగ్గర పట్టుకుంది. మొహం మీద కొట్టింది. దుప్పట్లో మోసుకొచ్చి ఆటో ఎక్కించేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన మొహం మీద తువ్వాలు కప్పి ఉంది. ఆ తువ్వాలు కింద నుంచే, నా గొర్రెల్ని ఎవరు తోలుకొస్తాండారు అని అడుగుతున్నాడు.

ఆ కనుమ దాటడం నా ఉద్యోగం.

మాది గుమ్మఘట్ట మండలం. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. ఊళ్లో పశువైద్య సహాయకురాలిగా చేరి అప్పటికి ఏడాది కాలేదు. వానలు పడకముందే గొర్రెలకు చిటుకు రోగం టీకా వేయాలి. తొలకరికి మొలిచిన లేతగడ్డి ఆబగా మేసిన గొర్రె పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి చచ్చి పడి ఉంటుంది. గడ్డి మొలిచాక టీకా వేసి లాభం లేదు. ఒకసారి వేసి, పక్షం పోయాక మళ్లీ వేయాలి. గుట్ట అవతల మూడు రొప్పాలున్నాయి. రొప్పం అంటే ముళ్లకంపతో కట్టిన గొర్రెల దొడ్డి. ఊరివైపు మేత లేక ఆ మందలన్నీ ఎండాకాలమంతా అక్కడే ఉంటాయి. ఆ మందలు పోతే మా ఊళ్లో సగం ఇళ్లకు ఇంకేమీ మిగలదు.

కనుమలో బండరాళ్ల మధ్య సందు ఇరుకు. మోటారు సైకిలు పట్టదు. నడిచిపోతే టీకా పెట్టెలో ఐసు కరిగిపోతుంది. అందుకని బళ్లారిలో ఎవరో అమ్మేసిన గేర్ల సైకిలు ఒకటి తెచ్చుకున్నాను. గుట్ట మొదలు దాకా తొక్కడం, ఎక్కుడులో కొంత తొక్కి కొంత తోయడం, సందులో భుజానికెత్తుకోవడం, అవతల రాతినేల మీద మళ్లీ తొక్కడం. పెట్టె వీపుకు కట్టుకునేదాన్ని. అందులో పట్టే మందు రోజుకు కొన్ని గొర్రెలకే వచ్చేది.

మొదటి రొప్పం అయిపోయి వస్తున్నప్పుడు టైరు తెగింది. పంక్చరైతే మెల్లగా గాలి పోతుంది. ఇది అలా కాదు. పలకరాయి అంచు టైరు పక్కభాగాన్ని కత్తితో కోసినట్టు కోసింది. ఒక్కసారిగా బుస్సుమని సైకిలు కూలబడింది. దిగి చూస్తే కోతలోంచి ట్యూబు బయటికి వచ్చి ఉంది. ఆ కోతకు అతుకు పనికిరాదు. చుట్టూ చూశాను. దారిపక్కన చెదపుట్ట ఒకటి మధ్యకు తవ్వేసి ఉంది. తవ్విన మన్ను ఇంకా తడిగా ఉంది.

గుట్టమీద పోయేవాళ్లు గట్టిగా మాట్లాడుతూ పోవాలని మావైపు ఆనవాయితీ. మనిషి చప్పుడు ముందే వింటే ఎలుగుబంటి తప్పుకుంటుంది, మలుపులో హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. ఒంటరిగా పోయేవాళ్లు తమలో తామే మాట్లాడుకుంటూ పోతారు. నాకు పాటలు రావు. నోటికి వచ్చిందల్లా ఊళ్లో మైకులో చదివే ప్రకటన. "గొర్రెల పెంపకందారులకు విజ్ఞప్తి. మూడు నెలలు దాటిన ప్రతి పిల్లకూ టీకా వేయించవలెను" అని అరుస్తూ, కుంటుతున్న సైకిలును తోసుకుంటూ దిగాను. అరిచిన ప్రతిసారీ ఆగి విన్నాను. ఎండుటాకులు కదిలినట్టయ్యేది. తొండ అయి ఉండొచ్చు. కానీ అప్పుడు నాకు ప్రతి చప్పుడూ ముక్కుతో ఊపిరి పీల్చినట్టే ఉంది. గుట్ట కిందికి వచ్చాక చూసుకుంటే అరచేతుల్లో హ్యాండిలు గుర్తులు పడి ఉన్నాయి.

ఇంట్లో టైరు సంగతి చెప్పాను. పుట్ట సంగతి చెప్పలేదు. మా ఇంట్లో భయం గురించి మాట్లాడే అలవాటు లేదు. మా నాయన నాగన్న ఏది వచ్చినా తలవంచుకుని చేసుకుపోయే మనిషి. మా అమ్మ హనుమంతమ్మ అంతకంటే. పనిలో చేరినప్పుడు కూడా ఆయన నాతో అన్నది, టైముకు పో అని మాత్రమే.

నాయన కోత మీద వేలు పెట్టి నిమిరాడు. "పక్క తెగినాది. దీంట్లో ఏమీ లేదు. పద బళ్లారికి" అన్నాడు.

సైకిలు సంగతుల్లో మా ఇంట్లో ఆయన మాటే మాట. నా చిన్నప్పుడు రాయదుర్గంలో నీళ్ల కరువు. ఆయన సైకిలుకు ఇరుపక్కలా వెనకా బిందెలు కట్టి హోటళ్లకు నీళ్లు తోలేవాడు. నేను చదివిన చదువంతా ఆ నీళ్లే. బరువు తోలే సైకిలుకు గాలి గట్టిగా ఉండాలి. మెత్తబడితే సైకిలు ఒక పక్కకు ఒరుగుతుంది, నీళ్లు పోతాయి. అందుకే ఆయన రోజూ పొద్దున బొటనవేలితో టైరు నొక్కేవాడు. వేలు దిగకూడదు. మావైపు నీళ్లు తోలినవాళ్లందరిదీ అదే లెక్క.

బళ్లారిలో షాపాయన మూడు టైర్లు తీసి మా ముందు వేశాడు.

"ఏమమ్మా, పోటీకా?" అని నవ్వాడు.

గొర్రెలకు సూదులు వేసేదానికి అన్నాను. ఆయన మరింత నవ్వి, గొర్రెల కాడికి ఇంత సైకిలెందుకమ్మా అని, తేలికైన టైరు ఒకటి నా చేతిలో పెట్టాడు. నిజంగానే తేలిక. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. గుట్ట ఎక్కేటప్పుడు కాళ్లకు సుఖం అన్నాడు. పక్కభాగం వేళ్ల మధ్య పెట్టి నొక్కితే వేలికి వేలు తెలుస్తోంది. రెండోది బాగా నున్నగా, మధ్యలో దళసరిగా ఉంది. నాయన దాన్ని వదలడం లేదు. ముళ్లు దిగవు దీంట్లో, మన సర్కారు తుమ్మకు ఇదే సరి అన్నాడు. మూడోది మొరటుది. పైన చదరంగా పెద్ద పెద్ద గుబ్బలు, పక్కల్లో గుడ్డపొరలు మందంగా. చేతిలోకి తీసుకుంటే చెయ్యి కిందికి లాగేసింది.

నేను ఫోనులో చదువుకునే వచ్చాను. ముల్లు మధ్యలో గుచ్చుకుంటుంది, రాయి పక్కను కోస్తుంది. మన దారిలో ముళ్లకంటే రాళ్లే శత్రువులు నాయనా అని చెప్పాను. కానీ మూడోది చూస్తే నాకే భయమేసింది. అంత బరువుతో కనుమ ఎక్కడానికి ఎంత సేపు పడుతుంది? ఎంత నెమ్మదిగా పోతే అంతసేపు ఆ బండల మధ్య ఉండాలి. తేలిక టైరయితే తొందరగా దాటిపోవచ్చు. మధ్యలో తెగితే మాత్రం అక్కడే నిలబడిపోవాలి. రెండు టైర్లనూ మార్చి మార్చి పట్టుకుంటూ ఉండిపోయాను. షాపాయన వేరే గిరాకీ చూసుకుని మళ్లీ వచ్చాడు.

"ఇది కోసుకోదు గదన్నా?" అని నాయన మూడోదాన్ని చూపించి అడిగాడు.

"రాయి కోయని టైరు యాడుండాదన్నా. ఇది రోంత ఆలస్యంగా కోసుకుంటాది, అంతే."

నాయన నా వైపు చూడకుండా అన్నాడు. "దావలో ఎలుగొడ్డు ఉండాది. పాప ఒక్కతే పోతాది."

షాపాయన నవ్వు ఆగిపోయింది. తేలిక టైరు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ అలమరలో పెట్టేశాడు. నాయన నాతో, "పొయ్యేకి చూడొద్దు. వచ్చేకి చూడు" అన్నాడు. మొరటువే రెండు తీసుకున్నాం.

బస్సులో ఆయన టైర్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పుట్ట సంగతి నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు. కిటికీలోంచి రాళ్లగుట్టలు వెనక్కి పోతుంటే ఇద్దరం అవే చూస్తూ వచ్చాం.

మర్నాటి నుంచి ఆయన రోజూ నాకంటే ముందు లేచి టైర్లకు గాలి కొట్టేవాడు. పంపు చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బొటనవేలితో నొక్కి, దిగలేదని చూసుకుని, సైకిలును గోడకు ఆనించి, టీ తాగడానికి కూర్చునేవాడు. నేను బయల్దేరేటప్పుడు ఆయన చెప్పేది ఒక్కటే, గాలి పెట్టినా అని.

ఆ గాలితో మొదటిరోజు కనుమ దిగుతుంటే టైరు రాయిని పట్టుకోవడం లేదు. ప్రతి రాయి మీదా బంతిలా ఎగురుతోంది. ఒకచోట ముందు చక్రం పక్కకు జారి దాదాపు లోయవైపు పోయింది. బండను కౌగిలించుకుని ఆగాను. ఫోనులో చదివింది అప్పుడు అర్థమైంది. రాళ్లమీద టైరు కొంచెం మెత్తగా ఉండాలి. మెత్తటి టైరు రాయి మీద కూర్చుని దాన్ని పట్టుకుంటుంది. మరీ మెత్తబడితే రింగు రాయికి తగిలి ట్యూబు నలుగుతుంది. ఆ నడిమధ్య గాలి ఎంతో వేలికే తెలియాలి. నాలుగైదు తడవలు కొంచెం కొంచెం తీసి చూశాక నా వేలికి తెలిసింది.

ఆ మాట నాయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆయన అరుగుమీద పంపు మీదికి వంగి ఉంటే, నీ గాలి తప్పు అని ఎలా చెప్పను? అందుకని రోజూ గుట్ట మొదట్లో సైకిలు దిగి, మూత విప్పి, గోటితో వాల్వులో పిన్ను నొక్కి కొంత గాలి తీసేదాన్ని. ఇంటికి వచ్చాక ఆయన టైరు నొక్కి చూసి, రాళ్లల్లో గాలి దిగిపోతాది అనుకుని, పొద్దున మళ్లీ కొట్టేవాడు. ఆయన పెట్టడం, నేను తీయడం. ఆ టైర్లతో కనుమ ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. గుబ్బలు అరిగాయి కానీ పక్కలు తెగలేదు. భయం మాత్రం ఏమీ అరగలేదు. ఒకరోజు దొణ దగ్గర బురదలో అడుగు చూశాను. మనిషి పాదం లాగే ఉంటుంది, గోళ్లు తప్ప. దానిపక్కన చిన్న అడుగులు కూడా ఉన్నాయి. ఆ రోజు గొర్రెలకు సూది వేస్తూ మాటిమాటికీ గుట్టవైపే తిరిగి చూస్తుంటే, చివరి రొప్పం ఓబుళేసన్న గొర్రెకు భయమయ్యేది పోయి డాక్టరమ్మకు భయమైతాందే అని ఎగతాళి చేశాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు. తానూ కుక్కల్ని వదిలి పడుకోవడం లేదని మెల్లగా చెప్పాడు.

మేఘాలు కమ్మడం మొదలయ్యేసరికి మొదటి తడవ సూదుల్లో ఓబుళేసన్న మందలో కొన్ని మాత్రమే మిగిలాయి. మా పశువైద్యశాల డాక్టరు మేడం ఫోను చేసి, భయమైతే వద్దులే, కిందికి తోలుకురమ్మని చెబుదాం అన్నారు. కిందికి తోలుకొస్తే ఆ గొర్రెలకు తాగేకి నీళ్లెక్కడివి? పోయి వస్తాను మేడం అన్నాను. అమ్మ సద్ది కడుతూ వినింది. కట్టిన సద్దిని విప్పి మళ్లీ కట్టింది.

ఆ రోజు నాయన తన పాత సైకిలు తీశాడు. గుట్ట మొదలు దాకా వస్తానన్నాడు. పక్క ఊరివైపు ఎవరికో ఎలుగుబంటి మళ్లీ కనిపించిందట. ఇద్దరం పక్కపక్కనే తొక్కాం. గుట్ట మొదట్లో ఆయన దిగి, నా ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి, "బాగుండాది. పో" అన్నాడు. అక్కడే రాతిమీద కూర్చున్నాడు, నేను వచ్చేదాకా అక్కడే ఉంటానన్నట్టు.

నేను ఆయన ఎదుట మూత విప్పలేకపోయాను. ఒక మలుపు తిరిగాక తీద్దామనుకున్నాను. తిరిగి చూస్తే ఆయన మెడ చాచి నన్నే చూస్తున్నాడు. ఇంకో మలుపు తిరిగేసరికి బండల్లోకి వచ్చేశాను. అక్కడ ఆగడానికి ధైర్యం చాల్లేదు. ప్రకటన చదువుకుంటూ ఎక్కిపోయాను.

టీకాలు బాగానే పడ్డాయి. ఓబుళేసన్న గొర్రెల్ని పట్టి ఇస్తుంటే ఒక్కొక్కదానికీ వేసుకుంటూ పోయాను. వచ్చేటప్పటికి ఆకాశం నల్లబడి, పగలే సందె చీకటిలా ఉంది. గాలి ఎదురుగా కొడుతోంది. నా అరుపు నా వెనక్కే కొట్టుకుపోతోందని నాకు తట్టలేదు. కనుమ సందు దాటి దిగుడులో సైకిలు ఎక్కాను. వాన పడితే ఆ రాళ్లమీద నిలబడలేం, తొందరగా దిగాలి అనుకున్నాను. రెండో మెట్టురాయి మీద ముందు చక్రం ఎగిరింది. మళ్లీ నేలకు తగలడం నాకు తెలియలేదు.

మోకాలు, అరచెయ్యి చీరుకుపోయాయి. వీపు మీది పెట్టె తాడు తెగి, దడదడమని బండల మీదుగా దొర్లుతూ పోయింది. ఆ దడదడ ఆగాక ఇంకో చప్పుడు వినబడింది. ఎవరో ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలినట్టు.

నాకూ కింది మలుపుకూ మధ్య అది నిలబడి ఉంది. దుమ్ముకొట్టుకుపోయిన నల్లటి బొచ్చు. వీపు మీద రెండు పిల్లలు బొచ్చు పట్టుకుని వేలాడుతున్నాయి. పెట్టె పడిన వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. నేను లేవలేదు. 

అప్పుడు కింది నుంచి నాయన గొంతు. "పాపా, పడినావా?" మబ్బు చూసి అప్పటికే పైకి బయల్దేరినట్టున్నాడు, పెట్టె చప్పుడు విన్నాడు. చెప్పుల చప్పుడు బండల మీద టపటపా దగ్గరవుతోంది. ఎలుగుబంటి నన్ను వదిలి మలుపువైపు తిరిగింది. ఆ మలుపు తిరిగితే ఆయన నేరుగా దాని మీదికే వస్తాడు.

"ఆడే నిలుచుకో నాయనా" అని అరిచాను. "కదలొద్దు. పిల్లలతో ఉండాది."

ఆయనకు అలా ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఎంతసేపో చెప్పలేను. అది మలుపు వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. నేను మాట్లాడుతూనే ఉండాలని తెలుసు. నోట్లో తడి లేదు. గొర్రెల పెంపకందారులకు విజ్ఞప్తి అని మొదలుపెట్టాను. మూడు నెలలు దాటిన ప్రతి పిల్లకూ అని చెబుతూ పోయాను. అది నా మాటలు వింటూ తల అటూ ఇటూ ఆడించింది. పిల్లల్లో ఒకటి జారి, మళ్లీ పాకి ఎక్కింది. అప్పుడు అది బండల సందులోకి దిగి, ఎండుకొమ్మలు విరుచుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా నేను ప్రకటన ఆపలేదు.

"రా నాయనా" అన్నాను.

ఆయన వచ్చాడు. మొదట నా మోకాలు చూశాడు, తువ్వాలు చింపి కట్టాడు. కట్టేటప్పుడు ముడి రెండుసార్లు జారింది. తర్వాత సైకిలు లేపి ముందు టైరును చుట్టూ తడిమాడు.

"తెగలేదు" అన్నాడు. "మంచి టైరే."

"టైరు మంచిదే నాయనా. గాలి ఎక్కువైనాది."

ఆయన నా వైపు చూశాడు. నువ్వు కొట్టిన గాలి రోజూ గుట్ట మొదట్లో కొంత తీసేస్తాండానని, మెత్తగా ఉంటేనే రాయిని పట్టుకుంటాదని చెప్పాను.

"రోజూనా?"

"రోజూ."

"మరి ఈ పొద్దు?"

"నువ్వు చూస్తాంటివి."

ఆయన టైరు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. తర్వాత మూత విప్పి, గోటితో పిన్ను నొక్కాడు. ఆ గాలి చప్పుడుకు ఇద్దరం ఉలిక్కిపడి బండలవైపు చూశాం. ఎంత తీయల్ల అని అడిగాడు. నేను చెప్పేదాకా అన్నాను. చాలు అన్నప్పుడు వేలు తీసేసి, బొటనవేలితో నొక్కి, ఎంత దిగిందో చూసుకున్నాడు. ఇంకోసారి నొక్కి చూసుకున్నాడు.

నేను తొక్కే స్థితిలో లేను. పెట్టెనూ, కింద ఉన్న ఆయన పాత సైకిలునూ తర్వాత తెచ్చుకోవచ్చనుకుని, ఆయన నా సైకిలు తోస్తూ, నేను హ్యాండిలు పట్టుకుని కుంటుతూ దిగడం మొదలుపెట్టాం. చినుకులు పడుతున్నాయి. అది ఎటువైపు పోయిందో మాకు తెలియదు.

"మాట్లాడల్ల కదా" అన్నాడు నాయన. "నువ్వు చెప్తాంటివే, మైకులోది, అది చెప్పు."

"నాకు నోరు ఎండిపోయినాది. నువ్వు చెప్పు."

ఆయన ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. గొంతు సవరించుకున్నాడు. ఒక బండ దాటాం, ఇంకొకటి దాటాం. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

"నాకు భయమైతాంది పాపా."

"గెట్టిగా చెప్పు నాయనా. దానికి వినపడల్ల."

ఆయన ఆగి, గుట్టవైపు తల ఎత్తి, గొంతు పెంచాడు. "నాకు భయమైతాంది." ఆ మాట బండలకు తగిలి తిరిగొచ్చింది. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత ఆపలేదు. చౌడప్ప మొహం చూసిన రోజు నుంచి నిద్ర లేదని గుట్టకు చెప్పాడు. వద్దనేకి నోరు రాక రోజూ గాలి కొడతాంటినని చెప్పాడు. నీళ్లు తోలే రోజుల్లో రాయదుర్గం దిగుడులో బ్రేకులు పట్టక ఎన్నిసార్లు ఏడ్చింటినో మీ అమ్మకు కూడా తెలియదని చెప్పాడు. రెండోతూరి సూదులకు పొయ్యేటప్పుడు నేనూ వస్తా, వద్దన్నా వస్తా, వెనకాల నడుచుకుంటా వస్తా అని అరిచాడు.

తారురోడ్డు వచ్చింది. ఆయన ఆపలేదు.